ఐదింటికల్లా ముగిసిన మీటింగు

బస్టాండులో బస్సుల రాకపోకలు చూసే కంట్రోలరమ్మ, ఊళ్ళోని సేవా సంఘానికి అధ్యక్షురాలు కావాలని ఏనాడూ కోరుకోలేదు. ఆ రోజు మీటింగుకి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది, అంతే. బస్టాండులో ఒక బస్సు టైరు పేలితే ఇంకో బస్సు సర్దుబాటు చేసి, ప్రయాణికుల తిట్లన్నీ తిని, చెమటలు కక్కుకుంటూ లైబ్రరీ మెట్లెక్కి తలుపు తోసేసరికి లోపలివాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియక ఆవిడ కూడా కొట్టింది. ఆ చప్పట్లు తనకేనని కూర్చున్నాక తెలిసింది. పాత అధ్యక్షుడికి బదిలీ అయిందట. ఉన్నవాళ్ళు 'నాకొద్దంటే నాకొద్ద'ని కాసేపు తోసుకుని, చివరికి అక్కడ లేని మనిషి పేరు రాసేశారట.

"రోజుకి నూట ఇరవై బస్సులు టైముకి పంపిస్తున్నారు మేడమ్, నెలకి రెండు మీటింగులు నడపలేరా?" అన్నాడు కార్యదర్శి. ఆయనకి ఆసుపత్రి ఎదురుగా మందుల షాపుంది.

బస్సులకి నోరుండదు కదా అనుకుంది కంట్రోలరమ్మ. పైకి అనలేదు.

సంఘం చేసేది చిన్న పనే, కానీ ఊళ్ళో దానితో అవసరం పడని ఇల్లు తక్కువ. కాలు విరిగినవాళ్ళకి చక్రాల కుర్చీ, మంచాన పడ్డవాళ్ళకి తలవైపు పైకి లేచే ఇనప మంచం, ఆపరేషను అయినవాళ్ళకి చేతికర్రలూ, పట్టుకుని నడిచే వాకర్లూ. కావలసినన్నాళ్ళు ఉంచుకుని తిరిగి ఇచ్చేయడమే. పైసా ఇవ్వక్కర్లేదు. ఈ సామానంతా లైబ్రరీ మేడ మీద, వాళ్ళు మీటింగు పెట్టుకునే గది పక్కన ఉంటుంది. మేడకి ఇరవై రెండు మెట్లు, మధ్యలో ఒక మలుపు. ఇనప మంచాన్ని ఆ మలుపు తిప్పాలంటే నలుగురు మనుషులూ, బోలెడు అరుపులూ కావాలి.

"మంచాన పడ్డవాళ్ళకి మంచాలు మోసి మోసి మనమే మంచాన పడేట్టున్నాం," అనేవాడు కార్యవర్గంలో ఉన్న వడ్రంగి, నడుం పట్టుకుని. ఆయన మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే నడుం గురించే.

ఇలా ఉండగా ఊళ్ళో లాండ్రీ నడిపే ఆయన ఒకరోజు తనంతట తనే వచ్చాడు. వాళ్ళమ్మ చివరిరోజుల్లో సంఘంవారి మంచం మీదే ఉందట. దుకాణం వెనక పెద్ద గది ఖాళీ అయింది, నేలమీదే, వీధిలోకి వెడల్పాటి తలుపుంది, మీ సామాను అక్కడ పెట్టుకోండి, అద్దె మాటెత్తొద్దు అన్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. ఔనని ఒక్కమాట అంటే సరిపోయేది.

ఆ ఒక్కమాట అనడానికి మూడు మీటింగులు చాలలేదు.

అడ్డం పడుతున్నది మాస్టారు. డెబ్బై మూడేళ్ళ మనిషి, లెక్కలు చెప్పి రిటైరైనవాడు. సంఘం పెట్టింది ఆయనే. భార్య కోసం కొన్న చక్రాల కుర్చీని ఆవిడ పోయాక ఇంట్లో చూడలేక పక్కింటివాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళు వాడుకుని ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఒక్క కుర్చీయే ఇవాళ పద్ధెనిమిది మంచాలూ, ముప్ఫై కుర్చీలూ అయింది. ఈ కథ కార్యవర్గంలో అందరికీ కంఠతా వచ్చు, ఎందుకంటే మాస్టారు ప్రతి మీటింగులోనూ చెబుతాడు. చెబితే తప్పేం లేదు, మొదలుపెడితే ఆపడు. ఎవరేది అడిగినా దానికి జవాబు చెప్పడు, తనకి తోచింది చెబుతాడు. ఎవరైనా మాట్లాడుతూంటే మధ్యలో అందుకుంటాడు. నాలుగింటికి మొదలైన మీటింగు ఏడున్నరకి, ఏదీ తేలకుండా, కుర్చీలు సర్దుకునే చప్పుడుతో ముగుస్తుంది.

గది మాటెత్తితే చాలు, మాస్టారు ముఖం ఎర్రబడేది. "ఈ గదిలోనే సంఘం పుట్టింది. ఈ గది పోతే సంఘం పోతుంది. నేను బతికుండగా ఆ పని జరగనివ్వను," అనేవాడు. మంచాల మీద ఈ మమకారమేమిటో ఎవరికీ బోధపడలేదు. పెద్దాయనని కాదని చేతులెత్తే ధైర్యమూ ఎవరికీ లేదు.

మూడో మీటింగుకి కంట్రోలరమ్మ ఒక ఉపాయం ఆలోచించుకుని వెళ్ళింది.

"ఒక్కొక్కరికి మూడు నిమిషాలు," అంది. "ఫోన్లో అలారం పెడుతున్నాను. మోగితే ఎక్కడివాళ్ళక్కడ ఆపెయ్యాలి."

అందరూ తలలూపారు. మాస్టారు కూడా ఊపాడు.

కార్యవర్గంలో ఐదో మనిషి నర్సమ్మ. ఆవిడ రెండు నిమిషాల్లో తేల్చేసింది. వడ్రంగి నడుం సంగతి చెప్పి ఒక్క నిమిషంలో కూర్చున్నాడు. మందుల షాపాయన వాక్యం మధ్యలో అలారం మోగితే చేతులు జోడించి అక్కడే ఆపాడు. అందరూ నవ్వుకున్నారు. పద్ధతి పనిచేస్తోందని కంట్రోలరమ్మ మనసు తేలికపడింది. అప్పుడు మాస్టారు లేచాడు. పాఠం చెప్పే అలవాటు కొద్దీ, మనుషుల మీంచి ఎక్కడో చివరి బెంచీ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. మూడు నిమిషాలయింది. ఫోను 'కీ కీ' మంది. మాస్టారు ఆపలేదు. కంట్రోలరమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంది. అది గొంతు చించుకుంటోంది. మాస్టారు తన దారిన తను భార్య కుర్చీ కథ దాకా వచ్చాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది," అని గొణిగాడు మందుల షాపాయన.

వడ్రంగి కిసుక్కుమన్నాడు. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మాస్టారు ఇటు తిరిగాడు. నవ్వుతున్న ముఖాలు చూశాడు, కంట్రోలరమ్మ చేతిలో పైకెత్తిన ఫోను చూశాడు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

"మా ఆవిడ సంగతి మీకు నవ్వులాటగా ఉందన్నమాట," అని గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తరవాత నర్సమ్మ లేచింది. "అక్కా, నీ మీద కోపం లేదు. కానీ నేను రాత్రంతా డ్యూటీ చేసి, పగలు పడుకోవాల్సిన నిద్ర చంపుకుని ఇక్కడికొస్తున్నాను. లాండ్రీ ఆయన నెలాఖరు దాకా చూస్తానన్నాడు. వచ్చే మీటింగే ఆఖరు. అప్పుడు కూడా ఇదే భాగోతమైతే నన్ను వదిలెయ్యండి."

ఇంటికి వెళ్ళే దారంతా కంట్రోలరమ్మకి ఆ గొడుగే కళ్ళముందు కదిలింది. పెద్దాయన్ని నలుగురిలో నవ్వులపాలు చేసింది. గది తేలలేదు. ఉన్న నర్సమ్మ కాస్తా పోయేట్టుంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను అనుకుంది. కంచం ముందు కూర్చుని కెలుకుతూంటే భర్త అడిగాడు, "ఏమైంది?"

"రాజీనామా ఎలా రాయాలో చెప్పండి," అంది.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. తొందరపడి మాట్లాడే మనిషి కాదు. "రాయడానికేముంది, రేపైనా రాయొచ్చు. ముందు తిను," అన్నాడు.

బుధవారం పొద్దున బస్టాండులో కంట్రోలరమ్మ తన అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఉంది. పట్నం వెళ్ళే బస్సు నాలుగో నంబరు ప్లాట్‌ఫారానికి రావాలి. అక్కడ ఆగిపోయిన బండి ఒకటి అడ్డంగా ఉండటంతో రెండో నంబరుకి మార్చింది. మైకులో మూడుసార్లు చెప్పింది. నాలుగో నంబరు దగ్గరున్న జనమంతా సంచులు ఎత్తుకుని, పిల్లల్ని చంకనేసుకుని అటు పరిగెత్తారు. ఒక్క మనిషి మాత్రం బెంచీ మీద కదలకుండా కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ ఉన్నాడు. పక్కన గొడుగుంది.

ఆవిడ నాలుగోసారి చెప్పింది. ఐదోసారి, "పెద్దాయనా, నాలుగో నంబరు బెంచీ మీద కూర్చున్న పెద్దాయనా," అని కూడా అంది. మాస్టారు జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

కోపం ఇంకా పోలేదు కాబోలు, నా గొంతు వినడం కూడా ఇష్టం లేదు, అనుకుంది. అయినా మనసొప్పక లేచి వెళ్ళింది. వెనకనుంచి, "మాస్టారూ," అంది. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. అవతలి బెంచీవాళ్ళు తిరిగి చూశారు గానీ ఆయన తిరగలేదు. అప్పుడు ముందుకి వెళ్ళి నిలబడింది. ఆయన ఉలిక్కిపడి, వెంటనే పెద్దరికం తెచ్చుకుని సర్దుకున్నాడు.

"మాస్టారూ, మీ బస్సు!"

"వయసా? మొన్నటికి డెబ్బై మూడు నిండాయమ్మా. ఏం, ఎందుకు?"

కంట్రోలరమ్మ అక్కడే నిలబడిపోయింది. మూడు నెలలుగా చూస్తున్నవన్నీ ఒక్కసారి తిరగబడి కనిపించాయి. అడిగిన దానికి జవాబు చెప్పకపోవడం, మధ్యలో అందుకోవడం, అలారం మోగుతూంటే మాట్లాడుతూనే ఉండటం. ఆవేళ మందుల షాపాయన అన్న సామెత గుర్తొచ్చి గుండె చివుక్కుమంది.

మాస్టారిని చెయ్యి పట్టుకుని అద్దాల గదిలోకి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. బస్సుల రాకపోకలు రాసుకునే కాగితం ఒకటి తిరగేసి దానిమీద రాసింది: 'మాస్టారూ, మీకు వినపడటం లేదు కదూ?'

ఆయన చదివాడు. కాగితాన్ని మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. బయట ఒక బస్సు వచ్చి, జనం ఎక్కి, వెళ్ళిపోయింది.

"రెండేళ్ళయిందమ్మా," అన్నాడు చివరికి. "ఆడవాళ్ళ గొంతులు ముందు పోయాయి. మగవాళ్ళవి గొంతు వినపడుతుంది గానీ మాట తెలీదు. నలుగురు కలిసి మాట్లాడితే రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టుంటుంది. ఎదురుగా ఉండి నెమ్మదిగా చెబితే పెదాలు చూసి సగం పోల్చుకుంటాను."

ఆవిడ ఆయన ముఖానికి ఎదురుగా వంగి, నెమ్మదిగా అడిగింది. "మరి మీటింగుల్లో అంతసేపు..."

"నేను మాట్లాడుతున్నంతసేపూ ఇంకొకళ్ళు మాట్లాడరు కదమ్మా. అంతసేపూ నాకేమీ తప్పిపోదు."

ఆయన చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. అందులో చెవికి పెట్టుకునే యంత్రం ఉంది. కొని ఆరు నెలలయిందట. పెట్టుకుంటే చెవి నొప్పి, పైగా యంత్రంలోంచి ఒకటే కూత అని పక్కవాళ్ళు చెప్పారట. అది కొన్న పట్నం ఆసుపత్రికి వెళ్ళి అడుగుదామని బస్టాండుకి రావడం ఇది మూడోసారి. రెండుసార్లు మొహమాటపడి వెనక్కి వెళ్ళిపోయాడు. ఈసారి బస్సే వెళ్ళిపోయింది.

"ఎలా పెట్టుకోవాలో వాళ్ళు చెప్పలేదా?"

"అరగంట చెప్పారమ్మా. వాళ్ళు చెప్పింది వినపడేదైతే నాకు యంత్రమెందుకు?"

ఆవిడకి నవ్వు ఆగలేదు. తప్పు కదా అని పెదవి కొరుక్కుంది గానీ, చూస్తే మాస్టారు కూడా నవ్వుతున్నాడు. చాలా రోజుల తరవాత ఆయన నవ్వడం చూసింది.

"ఆవేళ మీ మీద నవ్వలేదు మాస్టారూ. మోగుతున్న ఫోను మీకు వినపడలేదని తెలీక..." అని క్షమించమని కాగితం మీద కూడా రాసింది. ఆయన చెయ్యి ఊపేశాడు. అంతలోనే ముఖం గంభీరమైంది.

"ఎవరికీ చెప్పకు తల్లీ. చెబితే మంచిగానే మాట్లాడతారు. గౌరవ సభ్యుడు అని పేరుపెట్టి ఓ మూల కుర్చీ వేస్తారు. ఆ మూల నుంచి ఇక లేవనివ్వరు."

"చెప్పను. నేను మాత్రం చెప్పను," అంది. "కానీ ఆదివారం మీటింగుకి మీరు రావాలి. ఏం మాట్లాడుకుంటామో మూడు రోజుల ముందే కాగితం పంపిస్తాను. అది చదువుకుని రండి. చాలు."

మాట ఇచ్చేసింది గానీ ఆ కాగితం ఎలా రాయాలో ఆవిడకి తెలియదు. ఇంతవరకూ సంఘంలో ఎజెండా అంటే, మీటింగు మొదలయ్యాక మందుల షాపాయన అగ్గిపెట్టెంత చీటీ మీద రాసుకున్న నాలుగు మాటలు. సాయంత్రం కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాసి భర్తకి చూపించింది. నాలుగు గంటలకి ఇది, నాలుగూ పదికి అది, ఎదురుగా గీతలు.

"ఇది మీటింగుదా, బస్సులదా?" అన్నాడాయన. తరవాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు. "మూడోది 'గది విషయం' అని రాశావేంటి?"

"గది విషయమే కదా."

"విషయం అని రాస్తే ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడతారు. అందులో తప్పులేదు, విషయమంటే అదే. నీకు జవాబు కావాలంటే ప్రశ్న రాయి."

ఆవిడ ఆ కాగితం పక్కన పడేసి కొత్తది తీసింది. మూడే మూడు ప్రశ్నలు రాసింది. విరిగిన వాకర్లు నాలుగున్నాయి, బాగుచేయిద్దామా, పడేద్దామా? ఆదివారాలు సంఘం ఫోను ఎవరు ఎత్తాలి? మంచాలూ కుర్చీలూ పెట్టుకోవడానికి లాండ్రీ వెనకున్న గది తీసుకుందామా, వద్దా? ఒక్కోదాని పక్కన ఎన్ని నిమిషాలో వేసి, కింద ఎవరి జవాబు వాళ్ళు ముందే రాసుకోవడానికి రెండు గీతలు వదిలింది. మూడో ప్రశ్న కింద మాత్రం నాలుగు గీతలు వదిలింది.

"మీటింగులో తేలినవి తేలినట్టు పెద్ద అక్షరాలతో రాయాలి. మీ నల్లబోర్డు ఒకటి కావాలి," అంది భర్తతో.

ఎవరికోసం, ఎందుకు అని ఆయన అడగలేదు. "ఎంత దూరం నుంచి చదవాలి?" అని మాత్రం అడిగాడు.

నెలాఖరు ఆదివారం ఆవిడ అందరికంటే ముందే లైబ్రరీకి వెళ్ళింది. పన్నెండు మంది పట్టే పొడుగు బల్లని వదిలేసి, కిటికీ దగ్గరున్న చదరపు బల్ల చుట్టూ ఐదు కుర్చీలు దగ్గరగా వేసింది. గోలచేసే పంకా ఆపేసి కిటికీలు బార్లా తెరిచింది. మాస్టారి కుర్చీని కిటికీకి వీపు వచ్చేలా వేసింది. అలా వేస్తే వెలుగు మిగతావాళ్ళ ముఖాల మీద పడుతుంది, ఆయనకి పెదాలు కనిపిస్తాయి. నల్లబోర్డు ఆయన ఎదురుగా గోడకి ఆనించింది.

మందుల షాపాయన వచ్చి, "ఏంటి మేడమ్, ఇవాళ మరీ మోకాళ్ళు తగిలేట్టు కూర్చోవాలా?" అన్నాడు.

"దగ్గరగా కూర్చుంటే అరుచుకోవక్కర్లేదు," అంది. అబద్ధం కాదు కదా అనుకుంది.

నాలుగింటికి నలుగురున్నారు. మాస్టారు లేడు. నర్సమ్మ గోడ గడియారం వంక చూసింది. కంట్రోలరమ్మ మెట్ల వైపు చూసింది. నాలుగూ రెండుకి మెట్లమీద గొడుగు తాటించిన చప్పుడు వినిపించింది. ఆయన వచ్చి ఎవరినీ పలకరించకుండా తన కుర్చీలో కూర్చుని, జేబులోంచి కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. కంట్రోలరమ్మ సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

"ఇవాళ ఒక్కటే పద్ధతి," అంది, అందరూ చూసేలా ముఖం పైకెత్తి, ఒక్కో మాటా విడదీస్తూ. "మాట్లాడేవాళ్ళు చెయ్యి ఎత్తండి. ఒకరు మాట్లాడుతూంటే ఇంకొకరు మాట్లాడొద్దు. ఎవరేమన్నారో నేను ఒక్క ముక్కలో మళ్ళీ చెబుతాను. సరేననుకుంటే బోర్డు మీద రాస్తాను. రాసిందాని జోలికి మళ్ళీ పోము."

వాకర్ల సంగతి నాలుగు నిమిషాల్లో తేలింది. వడ్రంగి రెండు బాగవుతాయన్నాడు, రెండు కావన్నాడు. ఫోను సంగతికి ఆరు నిమిషాలు పట్టింది. ఆదివారాలు షాపు తెరిచే ఉంటుంది కాబట్టి తనే ఎత్తుతానన్నాడు మందుల షాపాయన. బోర్డు మీద రెండు వరుసలు పడ్డాయి. మాస్టారు ఒక్కో వరుసా చదివి తలూపాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తుఫాను ముందు గాలి ఆగినట్టుంది వాళ్ళకి.

మూడో ప్రశ్న వచ్చింది. నర్సమ్మ తీసుకుందామంది. మందుల షాపాయన కూడా అదే అన్నాడు. వడ్రంగి చెయ్యెత్తి, "గది మంచిదే. నేల మాత్రం చెమ్మ. మంచాల కాళ్ళు తుప్పుపడతాయి. కింద చెక్కలు పరిస్తే సరి. నా దగ్గర ఉన్నాయి, వేసి పెడతాను," అన్నాడు. మూడు నెలల్లో ఆయన నడుం మాట ఎత్తని మీటింగు అదే మొదలు.

అప్పుడు మాస్టారు చెయ్యెత్తాడు. నర్సమ్మ కుర్చీకి జారగిలబడి కళ్ళు మూసుకుంది.

ఆయన లేవలేదు. కూర్చునే, కాగితాన్ని బల్లమీద అందరి వైపూ తిప్పాడు. మూడో ప్రశ్నలో 'తీసుకుందామా' అన్న మాట ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. దానిపైన గుండ్రటి అక్షరాలతో 'తీసేద్దామా' అని ఉంది. మళ్ళీ అదీ కొట్టేసి ఉంది.

"ఈ కాగితం రాగానే అమ్మాయి తప్పు రాసిందనుకున్నాను," అన్నాడు. "ఎర్ర పెన్నుతో దిద్దాను. దిద్దాక వాక్యం కుదరలేదు. మంచాలు పెట్టుకోవడానికి గది తీసేయడమేమిటి? రెండు రోజులు కూర్చున్నాను. లెక్క సరిపోకపోతే తప్పు ఎక్కడుందో వెతకాలి కదా. వెతికాను."

కాస్త ఆగాడు. చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీసి కాగితం పక్కన పెట్టాడు.

"తప్పు నా చెవుల్లో ఉంది. నాకు రెండేళ్ళుగా సరిగ్గా వినపడదు. మూడు మీటింగుల నుంచీ మీరు 'గది తీసుకుందాం' అంటున్నారు, నాకు 'గది తీసేద్దాం' అని వినపడుతోంది. మనం కూర్చునే ఈ గది లైబ్రరీవాళ్ళకి తిరిగి ఇచ్చేసి, సంఘం మూసేస్తారనుకున్నాను. అందుకే అంత గొడవ చేశాను. కింద గది ఎవరికి చేదమ్మా? నాకు మాత్రం ఆ మెట్లు ఎక్కడం సరదానా?"

కంట్రోలరమ్మ కళ్ళు తుడుచుకుంది. తను ఇచ్చిన మాట తప్పలేదు, చెప్పవలసిన మనిషే చెప్పాడు.

మొదట కదిలింది నర్సమ్మ. లేచి వెళ్ళి మాస్టారి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "ఆసుపత్రిలో రోజూ ఇలాంటివాళ్ళనే చూస్తాను. ఇక్కడ చూడలేకపోయాను," అని, ఆయనకి అర్థం కాలేదని గ్రహించి, నెమ్మదిగా మళ్ళీ అంది. డబ్బాలోంచి యంత్రం తీసి వెలుగులో తిప్పి చూసింది. "మాస్టారూ, ఇది ఏ చెవికి పెట్టుకుంటున్నారు?"

ఆయన కుడిచెవి చూపించి, నొప్పీ కూతా సంగతి చెప్పాడు.

"నీలం చుక్కుంటే ఎడమ చెవిది. ఎడమ కాలి చెప్పు కుడి కాలికి వేసుకుంటే నొప్పి పుట్టదా మరి? సరిగ్గా కూర్చోక అలా కూసింది."

ఎడమ చెవికి పెట్టి, మెల్లగా తిప్పి బిగించింది. మాస్టారు కళ్ళు చిట్లించి భరించడానికి సిద్ధపడ్డాడు. నొప్పి రాలేదు, కూతా రాలేదు. నర్సమ్మ ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, మామూలు గొంతుతో, "గది తీసుకుందామా మాస్టారూ?" అంది.

"తీసుకుందాం," అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే.

ఒక్కసారిగా అందరూ నవ్వేశారు, వడ్రంగి బల్లమీద దరువు కూడా వేశాడు. మాస్టారు చెవి మీద చెయ్యి పెట్టుకుని, "నెమ్మదయ్యా బాబూ, ఇప్పుడు వినపడుతోంది!" అన్నాడు. దాంతో ఇంకా నవ్వారు. ఒక్క మందుల షాపాయన ముఖం మాత్రం వాడిపోయి ఉంది. "మాస్టారూ, ఆవేళ నేనొక సామెత అన్నాను, మీరు..."

"ఏం సామెత?"

"మీ అదృష్టం," అంది నర్సమ్మ మందుల షాపాయనతో. "ఆయనకి అదీ వినపడలేదు."

కంట్రోలరమ్మ బోర్డు మీద మూడో వరుస రాసింది. గడియారం చూస్తే ఐదుకి ఇంకా పదినిమిషాలుంది. అందరూ అలాగే కూర్చున్నారు. ఇంత తొందరగా అయిపోతే ఏం చెయ్యాలో ఎవరికీ అలవాటు లేదు. చివరికి మందుల షాపాయన లాండ్రీ ఆయనకి ఫోను చేశాడు. ఆయన ఇంకొకరికి ఇచ్చేద్దామా అని అనుకుంటూనే, సాయంత్రం దాకా ఆగుదామని ఆగాడట. "తాళం తెచ్చి ఇమ్మంటారా, వచ్చి తీసుకుంటారా?" అన్నాడు.

వెళ్ళి తీసుకున్నారు. ఐదుగురూ వీధిలో ఎండలో నడిచి వెళ్ళి గది చూశారు. గోడలకి ఇంకా సబ్బు వాసనుంది. వడ్రంగి తలుపు వెడల్పు జానలతో కొలిచి, ఇనప మంచం అడ్డంగా కూడా పడుతుందని తేల్చాడు. మాస్టారు గదంతా తిరిగి, మొదటి కుర్చీ ఎక్కడుండాలో ఒక మూల చూపించి, దాని కథ మొదలుపెట్టాడు. మధ్యలో నర్సమ్మ ఏదో అడిగితే ఆగి, ఆ అడిగిన దానికి జవాబు చెప్పాడు.

"అక్కా, నేను వెళ్ళి పడుకుంటాను. డ్యూటీకి ఇంకా నాలుగు గంటలుంది," అంది నర్సమ్మ బయటికి వచ్చి. ఆవలింత వచ్చింది. "పై మీటింగు కాగితం ఎప్పుడు పంపుతావు?"

ఆ ఒక్క ప్రశ్నకి కంట్రోలరమ్మ రాజీనామా సంగతే మరిచిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి భర్త వాకిట్లో కూర్చుని ఎవరిదో దుకాణం పేరుకి ఎర్రరంగు వేస్తున్నాడు. తలెత్తి చూశాడు. "ఏంటి, మీటింగు జరగలేదా?"

"జరిగింది."

"మరి?"

"అయిపోయింది," అంది.

ఆయన కుంచె పట్టుకునే లోపలికి తొంగిచూసి గడియారం చూశాడు. మళ్ళీ ఆవిడ వంక చూశాడు. ఆవిడ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, ఆయన పక్కనే అరుగుమీద వెల్లకిలా పడుకుంది. మూడు నెలల్లో మీటింగున్న ఆదివారం, వెలుగుండగానే ఇంటికి చేరడం అదే మొదటిసారి. అన్నీ వివరంగా చెప్పాలని నోరు తెరిచింది గానీ, సగం వాక్యంలోనే కళ్ళు మూతలు పడ్డాయి. ఆయన రంగుడబ్బా చప్పుడు కాకుండా పక్కకి జరిపి, మిగతా అక్షరాలు రాసుకుంటూ కూర్చున్నాడు.